ప్రొడక్షన్‌లో పెద్ద తప్పు జరిగిందా? మొదటి అరగంటలో ఏం చేయాలి, ఏం చేయకూడదు

2021 జనవరి మొదట్లో షావోమీ ఎంఐ ఏ3 వాడినవాళ్ళకి ఒక విషయం ఇంకా గుర్తుండే ఉంటుంది. ఆండ్రాయిడ్ 11 అప్‌డేట్ వచ్చింది కదా అని ఇన్‌స్టాల్ చేస్తే చాలామంది ఫోన్లు మళ్ళీ ఆన్ అవ్వలేదు. ఛార్జర్ పెట్టినా, బటన్లు నొక్కి పట్టుకున్నా ఉలుకూ లేదు, పలుకూ లేదు. కంపెనీ ఆ అప్‌డేట్‌ని ఆపేసి, సర్వీస్ సెంటర్‌కి తీసుకొస్తే వారంటీతో సంబంధం లేకుండా ఫ్రీగా బాగుచేస్తామని చెప్పింది. ఐఫోన్ వాళ్ళకీ ఇలాంటి రోజు ఒకటుంది. 2014 సెప్టెంబర్ 24న వచ్చిన ఐఓఎస్ 8.0.1 వేసుకున్న ఐఫోన్ 6, 6 ప్లస్‌లలో సిగ్నల్ పోయింది, టచ్ ఐడీ కూడా పనిచేయలేదు. ఆపిల్ కాసేపటికే దాన్ని వెనక్కి తీసుకుని మరుసటి రోజు 8.0.2 ఇచ్చింది.

అలాంటప్పుడు మనం కంపెనీని తిట్టుకుంటాం. నేనూ తిట్టుకునేవాడిని. బీటెక్ అయ్యాక సాఫ్ట్‌వేర్ జాబ్‌లో చేరి, ప్రొడక్షన్ సపోర్ట్‌లో రాత్రి షిఫ్ట్‌లు చేశాక మాత్రం నా ఆలోచన ఇంకోవైపు కూడా వెళ్తోంది. ఆ అప్‌డేట్‌ని బయటికి పంపిన టీమ్‌లో ఎవరో ఒకరు ఆ రోజు స్క్రీన్ చూసి “అయిపోయింది” అనుకునే ఉంటారు కదా. ఆ తర్వాత అరగంట వాళ్ళు ఏం చేసుంటారు?

మన సైట్ చదివేవాళ్ళలో బీటెక్ చదువుతున్నవాళ్ళు, కొత్తగా జాబ్‌లో చేరినవాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి ఈసారి ఫోన్లు కాస్త పక్కన పెట్టి ఆ అరగంట గురించి మాట్లాడుకుందాం. కాలేజీలో మనకి కోడ్ రాయడం నేర్పిస్తారు. రాసిన కోడ్ ఏదైనా నాశనం చేస్తే ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు.

ముందు ఒక మాట, స్టూడెంట్స్ కోసం. “ప్రొడక్షన్” లేదా “ప్రొడ్” అంటే నిజమైన కస్టమర్లు వాడుతున్న సిస్టమ్. డెవలప్‌మెంట్, టెస్టింగ్ సర్వర్లలో ఏం పాడైనా మళ్ళీ పెట్టుకోవచ్చు. ప్రొడ్‌లో పాడైతే ఎవరిదో ఆర్డర్ పోతుంది, ఎవరిదో జీతం ఆగుతుంది, ఎవరో ఎయిర్‌పోర్ట్‌లో నిలబడిపోతారు.

ఒక్క కమాండ్, 300 జీబీ

ఈ టాపిక్‌లో నేను జూనియర్లకి మొదట చెప్పేది గిట్‌ల్యాబ్ కథ. కోడ్ దాచుకునే గిట్‌హబ్ లాంటిదే ఇది కూడా. 2017 జనవరి 31న వాళ్ళ డేటాబేస్ మీద స్పామ్ వల్ల లోడ్ బాగా పెరిగింది. రెండు డేటాబేస్ సర్వర్లు ఉండేవి. ఒకటి మెయిన్, ఇంకోటి దాని కాపీ. లోడ్ వల్ల కాపీ వెనకబడిపోయి, సింక్ అవ్వడం ఆగిపోయింది. ఒక ఇంజనీర్ దాన్ని మళ్ళీ సింక్ చేయడానికి కూర్చున్నాడు. అప్పటికే రాత్రి బాగా పొద్దుపోయింది. సింక్ మొదలవ్వాలంటే కాపీ సర్వర్‌లో డేటా ఫోల్డర్ ఖాళీగా ఉండాలి. అది ఖాళీగా లేదేమో అనుకుని అతను డిలీట్ కమాండ్ కొట్టాడు. లైనక్స్ వాడేవాళ్ళకి తెలిసిందే, “ఆర్ఎం మైనస్ ఆర్ఎఫ్”. ఒకటి రెండు సెకన్లలోనే తను ఉన్నది కాపీ సర్వర్‌లో కాదు, మెయిన్ సర్వర్‌లో అని తెలిసింది. వెంటనే ఆపాడు. అప్పటికి దాదాపు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ.

సరే, బ్యాకప్ ఉంటుంది కదా? అసలు కథ ఇక్కడే ఉంది. రోజూ బ్యాకప్ తీసుకుని క్లౌడ్‌లో పెట్టాల్సిన జాబ్ ఒకటి ఉంది. వెళ్ళి చూస్తే క్లౌడ్‌లో ఆ ఫోల్డర్ ఖాళీ. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6, బ్యాకప్ తీసే టూల్ మాత్రం 9.2 వెర్షన్‌ది రన్ అవుతోంది. కాబట్టి రోజూ ఫెయిలే. ఫెయిల్ అయినప్పుడు మెయిల్ రావాలి. ఆ మెయిల్స్‌ని మెయిల్ సర్వర్ రిజెక్ట్ చేస్తోంది, ఎవరికీ చేరడం లేదు. క్లౌడ్ కంపెనీ ఇచ్చే డిస్క్ స్నాప్‌షాట్ సదుపాయం డేటాబేస్ సర్వర్లకి ఆన్ చేయనే లేదు. అంటే పేపర్ మీద ఇన్ని రకాల బ్యాకప్‌లు, ఆ రాత్రి చేతికి అందింది ఒక్కటి కూడా లేదు.

చివరికి కాపాడింది ఒక యాదృచ్ఛికం. ఆ రోజే, ప్రమాదానికి దాదాపు 6 గంటల ముందు, వేరే టెస్టింగ్ పని కోసం చేత్తో తీసిన స్నాప్‌షాట్ ఒకటుంది. అది తీసింది కూడా అదే ఇంజనీర్! దాని నుంచి రిస్టోర్ చేశారు. ఆ 6 గంటల్లో వచ్చిన దాదాపు 5,000 ప్రాజెక్టులు, 5,000 కామెంట్లు, 700 యూజర్ అకౌంట్ల వివరాలు పోయాయి. కోడ్ వేరేచోట ఉంటుంది కాబట్టి కోడ్ రిపాజిటరీలకి ఏమీ కాలేదు.

ఇంత పెద్ద తప్పు జరిగాక ఆ కంపెనీ చేసిన పని నాకు బాగా నచ్చుతుంది. ఏం జరుగుతోందో రాసుకుంటున్న డాక్యుమెంట్‌ని అందరికీ ఓపెన్ చేసేసింది. రిస్టోర్ పనిని యూట్యూబ్‌లో లైవ్ పెట్టింది. తర్వాత రాసిన రిపోర్ట్‌లో ఆ ఇంజనీర్ పేరు కూడా లేదు, “టీమ్ మెంబర్ 1” అంటే అంతే. చేయాల్సిన పనుల్లో “టెర్మినల్‌లో ఏ సర్వర్‌లో ఉన్నామో స్పష్టంగా కనపడేలా మార్చాలి” అని కూడా రాసుకున్నారు. చిన్న విషయమే, కానీ ఆ రాత్రి అది ముందే ఉండి ఉంటే?

నాకు ఇందులో కనిపించేది ఒకటే. డిలీట్ చేసిన ఆ రెండు సెకన్లు అతని తప్పు. దాన్ని ఇంత పెద్ద నష్టంగా మార్చింది మాత్రం నెలల తరబడి ఎవరూ చూడని బ్యాకప్‌లు. నష్టం ఇంకా పెరగకుండా ఆపింది వెంటనే చేయి తీసి అందరికీ చెప్పడం.

రెండో తప్పు మొదటిదానికంటే ప్రమాదం

తప్పు జరిగిందని తెలిసిన క్షణంలో మన బుర్ర చెప్పేది ఒకటే: “ఎవరూ చూడకముందే సరిచేసెయ్.” ఈ మాట వినకండి.

అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ ట్రేడింగ్ కంపెనీ ఉండేది. 2012 ఆగస్టు 1న కొత్త సాఫ్ట్‌వేర్‌తో మార్కెట్‌లోకి వచ్చింది. 8 సర్వర్లలో 7 సర్వర్లకే కొత్త కోడ్ వెళ్ళింది, ఒకదానికి వేయడం మర్చిపోయారు. ఆ ఒక్క సర్వర్‌లో ఏళ్ళ క్రితం వాడటం మానేసిన పాత కోడ్ ఉంది. కొత్త ఫీచర్‌ని ఆన్ చేసే ఫ్లాగ్, ఆ పాత కోడ్‌ని ఆన్ చేసే ఫ్లాగ్ ఒకటే. మార్కెట్ తెరవగానే ఆ సర్వర్ ఆగకుండా ఆర్డర్లు కొట్టడం మొదలుపెట్టింది.

టీమ్ ఏం చేసిందో చూడండి. సమస్య కొత్త కోడ్‌లో ఉందనుకుని, సరిగ్గా పనిచేస్తున్న ఆ 7 సర్వర్ల నుంచి కొత్త కోడ్ తీసేశారు. దాంతో ఆ ఏడింటిలో కూడా పాత కోడ్ లేచింది. ఒక సర్వర్ చేస్తున్న పనిని ఇప్పుడు ఎనిమిదీ చేయడం మొదలుపెట్టాయి. 45 నిమిషాల్లో నష్టం 46 కోట్ల డాలర్లు దాటింది. ఆ రోజు మార్కెట్ తెరవకముందే సిస్టమ్ నుంచి ఎర్రర్ గురించి 97 మెయిల్స్ ఉద్యోగులకి వెళ్ళాయని తర్వాత అమెరికా మార్కెట్ రెగ్యులేటర్ విచారణలో తేలింది. అవి అలర్ట్‌గా పెట్టినవి కావు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

వాళ్ళేమీ తెలివితక్కువవాళ్ళు కాదు. కంగారులో ఉన్నారు. కంగారులో మనిషి కారణం వెతకడు, చేతికి అందిన బటన్ నొక్కుతాడు. అందుకే మొదటి పని కీబోర్డ్ మీంచి చేతులు తీయడం. నిజంగానే తీసేయండి. ఒక పేపర్ మీద టైమ్ రాయండి, ఏ కమాండ్ కొట్టారో రాయండి, స్క్రీన్‌షాట్ తీయండి. ఒక్క నిమిషం పని.

రన్ అవుతున్నది ఇంకా రన్ అవుతూనే ఉంటే మాత్రం దాన్ని ఆపడం వేరు. డిలీట్ జరుగుతూ ఉంటే ఆపేయాల్సిందే. ఆపిన తర్వాత “సరిచేయడం” అనే పనిని ఒంటరిగా మొదలుపెట్టొద్దు అంటున్నాను.

కొన్ని టెక్నికల్ విషయాలు, కంగారులో చాలామంది పోగొట్టుకునేవి

ఎస్‌క్యూఎల్‌లో వేర్ కండిషన్ లేకుండా అప్‌డేట్ వెళ్ళిపోయింది అనుకోండి. ఇంకా కమిట్ అవ్వకపోతే అదే విండోలో రోల్‌బ్యాక్ కొడితే చాలు. చాలామంది భయంతో విండో మూసేస్తారు. ఒరాకిల్ ఎస్‌క్యూఎల్ ప్లస్‌లో “ఎగ్జిట్” అని కొట్టి బయటికి వస్తే డిఫాల్ట్‌గా కమిట్ అయిపోతుంది! తప్పించుకుందామని మూసిన విండోనే తప్పుని పర్మనెంట్ చేస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో అయితే ఆటోకమిట్ డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంటుంది, కాబట్టి మీరే ముందు ట్రాన్సాక్షన్ మొదలుపెట్టకపోతే రోల్‌బ్యాక్‌కి ఛాన్స్ లేదు.

కమిట్ అయిపోయినా ఒరాకిల్‌లో ఫ్లాష్‌బ్యాక్ క్వెరీ అని ఒకటుంది. పది నిమిషాల క్రితం ఈ టేబుల్ ఎలా ఉందో చూపించు అంటే చూపిస్తుంది. కానీ అది అండూ డేటా ఉన్నంతసేపే. దాన్ని ఎంతసేపు ఉంచాలో చెప్పే సెట్టింగ్ డిఫాల్ట్‌గా 900 సెకన్లు, అంటే 15 నిమిషాలు. స్పేస్ ఉంటే ఎక్కువసేపు ఉండొచ్చు, బిజీగా ఉన్న సిస్టమ్‌లో గ్యారంటీ లేదు. ఈ 15 నిమిషాల లెక్క గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్ళీ వస్తుంది.

లైనక్స్‌లో ఫైల్ డిలీట్ అయినా, ఏదైనా ప్రోగ్రామ్ ఆ ఫైల్‌ని ఇంకా తెరిచి ఉంచితే డేటా డిస్క్ మీద ఉన్నట్టే. తెలిసిన అడ్మిన్ అయితే ప్రాసెస్ వివరాలుండే “ప్రాక్” ఫోల్డర్ ద్వారా దాన్ని కాపీ చేసుకోగలడు. మీరు కంగారుపడి సర్వర్ రీస్టార్ట్ చేస్తే ఆ అవకాశం కూడా పోతుంది. “ఆపి ఆన్ చేస్తే సరిపోతుంది” అనేది రూటర్‌కి మంచి సలహానే కానీ ఇక్కడ కాదు.

గిట్‌లో ఫోర్స్ పుష్ కొట్టి ఎవరి కమిట్స్ అయినా ఎగిరిపోతే అంత భయం అక్కర్లేదు. అవి ఎవరో ఒకరి లోకల్ రెఫ్‌లాగ్‌లో సాధారణంగా కనీసం 30 రోజులు ఉంటాయి. టీమ్‌లో “ఎవరూ కొత్తగా పుల్ చేయకండి, క్లీనప్ కమాండ్లు కొట్టకండి” అని ఒక మెసేజ్ పెడితే చాలావరకు బయటపడొచ్చు. పాస్‌వర్డో, క్లౌడ్ కీయో పబ్లిక్ రిపాజిటరీకి వెళ్ళిపోతే మాత్రం దీనికి పూర్తిగా రివర్స్. కమిట్ డిలీట్ చేసి ఊపిరి పీల్చుకోవద్దు. అలాంటి కీలు వెతకడానికే బాట్లు తిరుగుతుంటాయి. ఆ కీ అప్పటికే దొంగల చేతిలో ఉందనుకుని దాన్ని రద్దు చేయించి కొత్తది పెట్టించాలి. దానికి కూడా మీరు ఎవరికో ఒకరికి చెప్పాల్సిందే.

చెప్పడం గురించి

అన్నిటికన్నా కష్టమైనది ఇదే, కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను.

కొంతకాలం క్రితం నేను చేసిన ఒక ప్రాజెక్ట్‌లో, కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, చేరి ఎనిమిది నెలలైన ఒక అబ్బాయి ఉండేవాడు. ఒక టికెట్ ప్రకారం ఒక్క కస్టమర్ స్టేటస్ మార్చాలి. రాత్రి 11 దాటింది. ఎడిటర్‌లో క్వెరీ రెండు లైన్లలో ఉంది. రెండూ సెలెక్ట్ చేసి రన్ కొట్టాల్సింది, పై లైన్ ఒక్కటే సెలెక్ట్ అయింది. కండిషన్ కింద లైన్‌లో ఉండిపోయింది. అలవాటుగా కమిట్ కూడా కొట్టేశాడు. “1 రో” అని రావాల్సిన చోట లక్షల్లో నంబర్ కనపడింది.

తర్వాత నలభై నిమిషాలు ఎవరికీ చెప్పలేదు. మా అందరి మధ్యలోనే కూర్చుని నెట్‌లో వెతికాడు. ఎక్కడో ఒక స్క్రిప్ట్ దొరికితే అది రన్ చేశాడు. అది ఇంకో టేబుల్‌ని కూడా కదిపింది. అప్పుడు నా సీటు దగ్గరికి వచ్చి “అన్నా, ఒక్కసారి ఇటు రావా” అన్నాడు. మొహం చూస్తేనే అర్థమైపోయింది. కాల్‌లోకి డీబీఏ వచ్చి అడిగిన మొదటి ప్రశ్న “ఎందుకు చేశావ్” కాదు. “ఎన్ని గంటలకి రన్ అయింది?” టైమ్ చెప్పగానే అటువైపు కాసేపు మాట లేదు. ఫ్లాష్‌బ్యాక్ ట్రై చేశారు, అండూ పోయింది. ఇక బ్యాకప్‌ని వేరే సర్వర్‌లో రిస్టోర్ చేసి, పాతదీ కొత్తదీ పోల్చి, మధ్యలో నిజంగా మారిన కస్టమర్లని వేరుచేసి సరిచేసేసరికి తెల్లారింది. పది నిమిషాల్లో చెప్పి ఉంటే ఇది టీ తాగేలోపు అయిపోయే పని అని డీబీఏ తర్వాత అన్నారు.

అతని ఉద్యోగం పోలేదు. కానీ ఏమీ జరగలేదని చెబితే అబద్ధం. మూడు నెలలు ప్రొడ్ యాక్సెస్ తీసేశారు, ఆ ఏడాది రేటింగ్ తగ్గింది. మేనేజర్ విడిగా పిలిచి మాట్లాడినప్పుడు క్వెరీ గురించి రెండు నిమిషాలే, మిగతా అంతా ఆ నలభై నిమిషాల గురించేనట. “నువ్వు తప్పు చేస్తే నాకు తెలుస్తుందన్న నమ్మకం పోయింది” అన్నారని అతనే నాకు చెప్పాడు.

దాచడం వల్ల లాభం లేదు అని నీతి కోసం చెప్పడం లేదు. టెక్నికల్‌గానే దాగదు. డేటాబేస్‌లో ఆడిట్ లాగ్ ఉంటుంది, సర్వర్‌లో లాగిన్ టైమ్ ఉంటుంది, వీపీఎన్ రికార్డ్ ఉంటుంది. కమాండ్ హిస్టరీ తుడిచేస్తే ఆ తుడిచిన విషయం కూడా కనిపిస్తుంది. అప్పటిదాకా అది పొరపాటు. హిస్టరీ తుడిచిన నిమిషం నుంచి హెచ్ఆర్ దాన్ని వేరే పేరుతో పిలుస్తుంది. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ళకి ఈ తేడా చాలా పెద్దది. రిలీవింగ్ లెటర్, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అన్నీ దానికే ముడిపడి ఉంటాయి.

మరి ఎలా చెప్పాలి? కంగారులో మాట రాదు కాబట్టి మెసేజ్ ఎలా ఉండాలో ఒక నమూనా ఇస్తున్నాను. ఇంగ్లిష్‌లో పెట్టినా ఇదే వరస:

“11:20కి ప్రొడ్‌లో కస్టమర్ టేబుల్ మీద నేను రన్ చేసిన అప్‌డేట్ పొరపాటున అన్ని రోలకీ వెళ్ళింది. కమిట్ అయింది. ఆ తర్వాత నేను ఇంకేమీ రన్ చేయలేదు. క్వెరీ, స్క్రీన్‌షాట్ కింద పెట్టాను. డీబీఏ హెల్ప్ వెంటనే కావాలి. 12 గంటలకి బ్యాచ్ జాబ్ ఉంది, దాన్ని ఆపాలా?”

ఇందులో సారీలు లేవు, వివరణలు లేవు. సారీ తర్వాత చెప్పొచ్చు, ఇప్పుడు అవతలివాళ్ళకి కావాల్సింది టైమ్, ఏం జరిగింది, ఆ తర్వాత ఏం కదిపారు, ఇంకా ఏం పాడవ్వబోతోంది అన్నవే. చివరి లైన్ చాలామంది మర్చిపోతారు. పాడైన డేటాని ఆ బ్యాచ్ జాబ్ తీసుకెళ్ళి ఇంకో నాలుగు సిస్టమ్‌లకి పంచిపెడితే అప్పుడు ఒక టేబుల్ సమస్య కాస్తా కంపెనీ సమస్య అవుతుంది. “నేను రన్ చేసిన” అని రాయడానికి చేయి రాదు, “రన్ అయింది” అని రాయాలనిపిస్తుంది. రాసేయండి. ఎవరు రన్ చేశారో తెలియకపోతే పదిమంది కలిసి అరగంట అదే వెతుకుతారు.

మెసేజ్ పెట్టి ఊరుకోవద్దు, ఫోన్ కూడా చేయండి. అర్ధరాత్రి లీడ్‌ని లేపడానికి మొహమాటపడేవాళ్ళని చాలామందిని చూశాను. పొద్దున్నే తెలిస్తే ఆయనకి ఇంకా ఎక్కువ కోపం వస్తుంది. కాల్‌లో ఎవరైనా అరిస్తే దానికి సమాధానం అప్పుడే ఇవ్వాల్సిన అవసరం కూడా లేదు. డేటా తిరిగి వచ్చాక మాట్లాడుకోవచ్చు.

ఒకరి తప్పు, అందరి సిస్టమ్

2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఎస్3 సర్వీస్ అమెరికాలోని ఒక రీజియన్‌లో నాలుగు గంటలకు పైగా దెబ్బతింది. దాని మీద ఆధారపడ్డ ఎన్నో సైట్లు పడిపోయాయి. బిల్లింగ్ సిస్టమ్ స్లోగా ఉందని చూస్తూ, కొన్ని సర్వర్లని తీయడానికి ఒక ఇంజనీర్ కమాండ్ కొట్టాడు. అందులో ఒక ఇన్‌పుట్ తప్పు పడింది. అనుకున్నదానికంటే చాలా ఎక్కువ సర్వర్లు పోయాయి. ఇంకో తమాషా, సర్వీస్ బాగుందో లేదో చూపించే వాళ్ళ డ్యాష్‌బోర్డ్ కూడా ఎస్3 మీదే ఆధారపడింది, కాబట్టి “పాడైంది” అని దానిలో పెట్టడం కూడా మొదట వీలుకాలేదు. తర్వాత అమెజాన్ ఏం మార్చింది? “జాగ్రత్తగా టైప్ చేయండి” అని ఇంజనీర్లకి సర్క్యులర్ పంపి ఊరుకోలేదు. సర్వర్లని నెమ్మదిగా మాత్రమే తీసేలా, ఒక కనీస సంఖ్య కంటే తగ్గనివ్వకుండా టూల్‌నే మార్చింది.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ వల్ల మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ మెషీన్లు క్రాష్ అయ్యాయి. మన దగ్గర కూడా ఎయిర్‌పోర్టుల్లో చేత్తో రాసిన బోర్డింగ్ పాస్‌లు ఇచ్చారు, ఆ ఫోటోలు మీరూ చూసే ఉంటారు. తప్పు ఫైల్‌ని 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు, కానీ అప్పటికే క్రాష్ అయిన మెషీన్ కొత్త ఫైల్ తీసుకునే స్థితిలో లేదు. ఒక్కోదాని దగ్గరికి వెళ్ళి సరిచేయాల్సి వచ్చింది. ఆ రకం అప్‌డేట్‌ని అందరికీ ఒకేసారి పంపడమే అసలు ప్రమాదం. ఫోన్ అప్‌డేట్ మీ ఫ్రెండ్‌కి వచ్చి మీకు వారం దాకా రాకపోతే మనం విసుక్కుంటాం కదా, అలా బ్యాచ్‌లుగా పంపడం ఇందుకే. మొదటి కొద్ది శాతం ఫోన్లలో తేడా కనిపిస్తే మిగతా లక్షల ఫోన్లు బతికిపోతాయి.

అమెరికాలో ఎట్సీ అనే షాపింగ్ సైట్ ఇంజనీరింగ్ టీమ్‌ని నడిపిన జాన్ ఆల్‌స్పా 2012లో “నింద లేని పోస్ట్‌మార్టమ్” గురించి రాశారు. తప్పు చేసిన మనిషికి శిక్ష ఉండదని తెలిస్తేనే అతను పూర్తి వివరం చెబుతాడు, పూర్తి వివరం తెలిస్తేనే మళ్ళీ జరగకుండా ఆపగలం అన్నది దాని సారం. ఆ కంపెనీలో ఏడాదిలో అందరికంటే ఊహించని విధంగా సిస్టమ్ పడగొట్టిన ఇంజనీర్‌కి మూడు చేతుల స్వెటర్ బహుమతిగా ఇచ్చేవారు.

మన హైదరాబాద్, బెంగళూరు సర్వీస్ కంపెనీల్లో మూడు చేతుల స్వెటర్ ఎవరూ ఇవ్వరు, ఆ ఆశ పెట్టుకోవద్దు. క్లయింట్ ఎస్కలేషన్ వస్తే ఎవరో ఒకరి పేరు చూపించాలన్న తొందర ఇంకా చాలాచోట్ల ఉంది. నేను చెప్పిన ఆ అబ్బాయి పేరు కూడా క్లయింట్‌కి వెళ్ళిన మెయిల్‌లో ఉంది. అది తప్పు అని నా అభిప్రాయం. ఎనిమిది నెలల ఫ్రెషర్‌కి, రాత్రి 11 గంటలకి, ఇంకొకరు చూడకుండా ప్రొడ్‌లో రాసే అధికారం ఇచ్చింది ఎవరు? ఆ ప్రశ్న ఆ మెయిల్‌లో లేదు.

మిమ్మల్నే ఆర్‌సీఏ రాయమంటే ఇది మీ చేతిలో ఉన్న అవకాశం. “మానవ తప్పిదం, ఇకపై జాగ్రత్తగా ఉంటాం” అని రాసి పంపితే మేనేజర్‌కి హాయి, మీకు నష్టం. క్వెరీని ఇంకొకరు చూసే పద్ధతి లేదు, ఎడిటర్‌లో ఆటోమేటిక్ ట్రాన్సాక్షన్ లేదు, రోల సంఖ్య చూశాకే కమిట్ చేయాలన్న రూల్ రన్‌బుక్‌లో లేదు, అని ఒక్కోటి రాయండి. పక్కన ఎవరు ఎప్పటికల్లా సరిచేస్తారో కూడా రాయండి. మీ భాగాన్ని తగ్గించకుండా, మిగతా భాగాలని వదలకుండా రాయాలి. ఫిర్యాదులా అనిపిస్తే ఆ వాక్యంలో మనిషి పేరు తీసేసి చూడండి, చాలావరకు సరిపోతుంది.

తర్వాత వారం

ఇది తక్కువే రాస్తాను, ఎందుకంటే దీనికి కమాండ్లు లేవు. నిద్రపట్టదు. పడుకున్నా ఆ స్క్రీనే కనిపిస్తుంది. చిన్న సెలెక్ట్ క్వెరీ కొట్టాలన్నా చేయి వణుకుతుంది. ఆ అబ్బాయి రెండు వారాలు ప్రతి క్వెరీని నాకు చూపించి రన్ చేసేవాడు. చూపించనివ్వడమే మంచిదని నాకనిపించింది, “ఇంకా భయమేంట్రా” అని నవ్వకుండా. మీ పక్క సీట్లో అలాంటివాళ్ళుంటే మీరు చేయగలిగింది అంతే. ఇంట్లోవాళ్ళకి డేటాబేస్ అర్థం కాకపోవచ్చు, “ఆఫీసులో పెద్ద పొరపాటు జరిగింది, సరిచేస్తున్నాం” అంటే అర్థమవుతుంది. ఈఎంఐ ఉందని, చెల్లి పెళ్ళి ఉందని ఒక్కరే మోసుకుంటూ తిరగడం కంటే ఆ ఒక్క వాక్యం చెప్పడం నయం. రెండు మూడు వారాలైనా నిద్ర, తిండి సరికాకపోతే డాక్టర్‌ని కలవడంలో తప్పేమీ లేదు, చాలా కంపెనీల ఇన్సూరెన్స్‌తో పాటు ఫ్రీ కౌన్సెలింగ్ నంబర్ కూడా ఇస్తారు.

ఇక ఇంటర్వ్యూల సంగతి. “మీ కెరీర్‌లో జరిగిన పెద్ద తప్పు చెప్పండి” అనే ప్రశ్న ఇప్పుడు చాలాచోట్ల అడుగుతున్నారు. “నేను పర్ఫెక్షనిస్ట్‌ని, అదే నా తప్పు” అనేవాళ్ళని ఇంటర్వ్యూ చేసేవాళ్ళు రోజుకి పదిమందిని చూస్తారు. ఎన్ని గంటలకి జరిగింది, ఎన్ని నిమిషాల్లో ఎవరికి చెప్పారు, తర్వాత సిస్టమ్‌లో ఏం మారింది అని తేదీలతో చెప్పగలిగినవాళ్ళు అరుదు. నేను చెప్పిన అబ్బాయి తర్వాత కంపెనీ మారాడు. ఈ ప్రశ్నకి ఆ నలభై నిమిషాల సంగతి దాచకుండా చెప్పాడట. అవతల కూర్చున్న ఆయన మధ్యలో ఆపి, “మీ దగ్గర అండూ రిటెన్షన్ ఎంత ఉండేది?” అని అడిగాడట.